మూడు టేకుల దురాయి

ఆగస్టు 19, మంగళవారం

ఈ డైరీ ఎరువుల కొట్టువాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చింది. ఇన్నాళ్ళూ బియ్యం డబ్బాకు మూతగా పనికొచ్చింది. ఈవేళ తీసి దుమ్ము దులిపాను. టీవీలో నటించబోయే మనిషి ఆ ముక్క ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే ఎలా?

‘ఆరో సాక్షి’ వాళ్ళు మా పాలేనికి వచ్చారు! ఆదివారం ఆదివారం నేను అన్నం కూడా మానుకుని చూసే క్రైం సీరియల్ అది. హంతకుడెవరో నాకు మొదటి బ్రేకులోపే తెలిసిపోతుంది. గడ్డమో, టోపీయో, మెడలో సిలువో కనిపిస్తే వాడే. గట్టిగా నవ్వే ఆడది రెండో బ్రేకుకి చస్తుంది. తల వంచుకుని కాఫీ ఇచ్చే ఆడది చివరిదాకా బతుకుతుంది. “నువ్వు పోలీసువి కావాల్సింది మే” అంటాడు మా ఆయన గణేష్.

ఈసారి కథ సముద్రం ఒడ్డున ఉండే ఒక ముఠా గురించి. వాళ్ళు దొంగ సరుకు దించుకుంటారట. ముఠాలో ఒకడి పెళ్ళాం మల్లి. అది డేవిడ్ అనే స్మగ్లర్‌తో తిరుగుతూ ముఠా గుట్టు బయటపెడుతుంది. మల్లి వేషం వేయాల్సిన అమ్మాయికి జ్వరమట, హైదరాబాదు నుంచి రాలేదు. డైరెక్టరు క్రాంతి కుమార్ తల పట్టుకుని తిరుగుతుంటే నేను మంచు బండి దగ్గర బెన్హర్‌తో దెబ్బలాడుతూ కనిపించాను. మంచు కరిగి సగమైతే దెబ్బలాడక ముద్దు పెట్టుకుంటామా? “ఆ గొంతు నాకు కావాలి. ఆ అబ్బాయి కూడా కావాలి” అన్నాడు డైరెక్టరు. అలా నేను మల్లినయ్యాను, కోవూరు నుంచి రోజూ మా చేపలకు మంచు తెచ్చే బెన్హర్ డేవిడ్ అయ్యాడు.

బెన్హర్ మెడలో చిన్న సిలువ ఉంటుంది. డైరెక్టరు దాన్ని చొక్కా బయటికి వేసుకోమన్నాడు.

ఆగస్టు 20, బుధవారం

నవ్వి నవ్వి పొట్ట నొప్పి.

పొద్దున్నే మగవాళ్ళందరి చేతుల్లో కత్తులు పెట్టారు. “చేపలు కోసే కత్తిని ఇట్టా పట్టుకుంటే వేలు తెగుద్ది సార్” అని గణేష్ చెప్పినా వినలేదు. కెమెరాకి అలాగే బాగుంటుందట. తర్వాత పోలేరమ్మ గుడి ముందు అసలు సీను. మా పాలెం పెద్ద పోలేరయ్య మామను చూడగానే డైరెక్టరుకి ముఠా నాయకుడు దొరికిపోయాడు.

“పెద్దాయనా, మీ దగ్గర తప్పు చేసినవాళ్ళని ఏం చేస్తారు?”

“దురాయి ఏస్తాం సార్.”

“అంటే?”

“ఆ మనిషితో ఎవురూ మాట్లాడకూడదు. నిప్పియ్యకూడదు, నీళ్ళియ్యకూడదు. చేప అమ్మకూడదు, కొనకూడదు. అమ్మోరి ముందర వేపమండ పట్టుకోని పేరు పెట్టి మూడుతూర్లు చెప్తాం. ఒకతూరి అంటే కోపం. రెండోతూరి బెదిరింపు. మూడోతూరి అన్నామంటే ఇంక అంతే.”

“సూపర్! అదే పెట్టేద్దాం.”

మామకు మల్లి అనే పేరు నోటికి రాదు. “అట్టాంటి మనిషి మన పాలెంలో లేదు గదా సార్. లేని మనిషికి దురాయి ఎట్టా ఏసేది?” అంటాడు. ఎంత చెప్పినా అదే మాట. చివరికి డైరెక్టరు విసిగిపోయి, “మీకు ఏ పేరు వస్తే ఆ పేరు చెప్పండి, డబ్బింగ్‌లో మార్చేస్తాం” అన్నాడు.

మామ వేపమండ పట్టుకుని నిలబడ్డాడు. నన్ను ఎదురుగా నిలబెట్టారు. “చిన్నపోలయ్య కోడలు, గణేష్ పెండ్లాం సుభాషిణి. మంచుబండోడితో తిరిగి పాలెం గుట్టు బయటపెట్టింది. ఈ పొద్దు నుంచి దానికి పాలెం లేదు, పాలేనికి అది లేదు.”

అందరూ చప్పట్లు. కానీ మధ్యలో మేక అరిచిందని మళ్ళీ చేయించారు. రెండోసారి ఎవరిదో ఫోను మోగింది. మూడోసారి సరిగ్గా వచ్చింది. మూడోసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేనే కొట్టాను.

తర్వాత నా వంతు. మల్లి జుట్టు విరబోసుకుని శాపం పెట్టాలి. “నన్ను ఎలేసిన పాలెం పడవ నీళ్ళ మీదికి పోతే, తిరిగి గట్టుకు రాకూడదు!” ఒక్కసారికే డైరెక్టరు లేచి నిలబడి “సింగిల్ టేక్!” అని అరిచాడు. నన్ను చూసి నాకే గర్వం వేసింది. ఇంటికొచ్చేటప్పుడు పక్కింటి రోజా నాతో నడవలేదు. ముందే వెళ్ళిపోయింది, పనుందేమో.

ఆగస్టు 22, శుక్రవారం

గణేష్ వాళ్ళమ్మ ఇంట్లో తిన్నాడు. వల పని ఉందట.

ఆగస్టు 23, శనివారం

ఈవేళ కూడా వల పని.

ఆగస్టు 25, సోమవారం

పొద్దున్నే గంప తీసుకుని ఆటో దగ్గరికి వెళ్ళాను. రోజూ ఆరుగురం కలిసి కోవూరు బజారుకు వెళతాం. వాళ్ళు ఐదుగురూ ఎక్కి కూర్చుని ఉన్నారు. నేను కాలు పెట్టగానే దిగి నిలబడ్డారు. నేను దిగాను, వాళ్ళు ఎక్కారు. ఆటో వెళ్ళిపోయింది. నా గంపకు చోటు లేదేమో, ఈమధ్య సరుకు ఎక్కువగా ఉంటోంది.

కుళాయి దగ్గర కూడా అంతే. నేను వెళ్ళేసరికి బిందెలు పక్కకి జరిగాయి. నాకు దారి ఇచ్చారనుకోవచ్చు. రోజాని పేరు పెట్టి పిలిచాను. దాని చెవిలో నా మాట పడింది, మెడ నరాలు బిగుసుకోవడం కనిపించింది. చిన్నప్పుడు నా చెప్పులు వేసుకుని పెరిగిన పిల్ల అది. నా నీళ్ళు నేను తెచ్చుకున్నాను. ఇంట్లోకి వచ్చాక ఆ బిందెను కాలితో తన్నాను. పాపం బిందెదేం తప్పు?

మూడు టేకులు. ఒకటి మేక వల్ల, ఒకటి ఫోను వల్ల.

ఆగస్టు 27, బుధవారం

పోలేరయ్య మామ ఇంటికి వెళ్ళాను. ఈ పిచ్చికి ఒక అంతు ఉండాలి కదా.

ఆయన అరుగు మీద ఉన్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకుని పక్కన కట్టేసిన మేకతో మాట్లాడటం మొదలుపెట్టాడు. సీనులో అరిచిన మేక అదే అనుకుంటా.

“చూడే, మూడుతూర్లు అన్నది అన్నట్టే.”

“మామా, అది షూటింగు. నువ్వు సారు చెప్పిందే గదా చెప్పింది?”

“అమ్మోరికి షూటింగు తెలుసునా?” అన్నాడు మేకతో. “మండ నిజం, గుడి నిజం, పేరు నిజం. పైగా మర్నాడే రెండు వలలు తెగినాయి. మొన్న ఒక పడవ ఇంజిను నడి నీళ్ళల్లో ఆగింది. ఇప్పుడు నేను నవ్వులాటకు అన్నానంటే రేపు ఎవురు వింటారు? ఎవుడి వల ఎక్కడ వెయ్యాలో నా మాట మీద గదా నడిచేది. ఒక్క దురాయి ఉత్తదంటే అన్నీ ఉత్తవే.”

మేక నా వైపు చూసింది. ఈ పాలెంలో నన్ను చూసిన ప్రాణి అదొక్కటే.

ఆయన భార్య మహాలక్ష్మి అత్త లోపల నుంచి వినింది. బయటికి రాలేదు. నాకు కోపం రాలేదు. భయం వేసింది. ఆయన మొండికేసి అలా అంటుంటే దెబ్బలాడేదాన్ని. ఆయన కూడా భయపడుతున్నాడు, అదీ నాకు భయం.

ఆగస్టు 28, గురువారం

గణేష్‌కి వల పని లేదు. ఎప్పుడూ లేదు. రాసేశాను, చాలు.

ఆగస్టు 31, ఆదివారం

సీరియల్ వచ్చే ముందు మా ఎపిసోడ్ ప్రోమో వేశారు. రెండు వారాల్లో వస్తుందట. అర నిమిషం కూడా లేదు. కత్తులు పట్టుకుని మా మగవాళ్ళు. ఎర్ర లైటు. బెన్హర్ నవ్వుతున్నాడు, సిలువ మీద వెలుగు పడి మెరుస్తోంది. అతని మొహం పక్కనే నా మొహం. మేమిద్దరం అలా పక్కపక్కన నిలబడనేలేదు! వేర్వేరుగా తీసి అతికించారు. ఒక గొంతు అడిగింది: ‘ఈ ఒడ్డున ఆడది ఎవరికి అమ్ముడుపోయింది?’

అమ్ముడుపోవడమేమిటి? నేను చేపలు అమ్ముతాను.

ఎన్ని ఆదివారాలు ఇలాంటి ప్రోమోలు చూసి ‘వాడే, నాకు తెలుసు’ అన్నానో. ఆ వాడికి కూడా ఒక పాలెం ఉండి ఉంటుంది. టీవీ కట్టేశాను. గోడ అవతల రోజా ఇంట్లో మాత్రం నడుస్తూనే ఉంది.

సెప్టెంబర్ 2, మంగళవారం

బెన్హర్ బండిని పాలెం మలుపు దగ్గరే ఆపి వెనక్కి పంపేశారు. ముఠా వేషం వేసినవాళ్ళే ఆపారు. మంచు ఇంకెక్కడి నుంచో తెప్పించుకుంటున్నారు, అది వచ్చేసరికి సగం చేప మెత్తబడిపోతోంది.

నేను బస్సెక్కి కోవూరు వెళ్ళాను. చేప లేకుండా ఖాళీ చేతులతో కోవూరు వెళ్ళడం నాకిదే మొదలు. బెన్హర్ వాళ్ళమ్మ రెబెక్కమ్మగారు వాకిట్లో కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నారు. మంచినీళ్ళు ఇచ్చారు. రెండు వారాలుగా ఒకరి చేతి నీళ్ళు తాగలేదు కదా. ఏడ్చేశాను.

“ఊరుకోమ్మా. మాకూ తగిలిందిలే” అన్నారామె. “నిన్న నా కొడుకు టీ కొట్టు కాడికి పోతే, ‘ఏం డేవిడూ, సరుకు దిగిందా’ అని అడిగినారంట. తెలిసినోళ్ళే. తమాషాకే. మంచు ఫ్యాక్టరీ ఓనరు మాత్రం తమాషాకి అడగలేదు. కొన్నాళ్ళు బండి వేరే వాళ్ళకి ఇద్దామన్నాడంట.”

బెన్హర్ లోపల నుంచి వచ్చాడు. సిలువ చొక్కా బయటే ఉంది.

“లోపలికి వేసుకోరా అంటే వినడు” అన్నారు రెబెక్కమ్మగారు.

“ఆయన బయటికి తియ్యమన్నాడు, తీసినా. ఇప్పుడు లోపలికి పెడితే నిజంగానే ఏదో దాస్తుండానని అనుకుంటారక్కా” అన్నాడు బెన్హర్. “నీ మంచు కరిగిపోయిందని తిట్టినావు చూడు ఆ రోజు. ఇప్పుడు ఎవురన్నా అట్టా తిడితే బాగుండనిపిస్తుంది.”

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అతని మాటే. నాకు దురాయి వేసినవాడు ఎక్కడున్నాడో తెలుసు. అరుగు మీద మేకతో ఉన్నాడు. అతనికి వేసినవాడు?

సెప్టెంబర్ 4, గురువారం

రేపు సాయంత్రం గుడి దగ్గరికి రమ్మని కబురు. ఎవరూ నోటితో చెప్పలేదు. వాకిట్లో వేపమండ పెట్టి వెళ్ళారు.

సెప్టెంబర్ 5, శుక్రవారం

 ఇప్పుడే రాస్తాను, లేకపోతే రేపటికి నేనేం చేశానో నేనే నమ్మను.

పాలెమంతా వచ్చింది. పెద్దలు కూర్చున్న చోట దురాయి పడ్డ మనిషితో మాట్లాడవచ్చు, అది పద్ధతి. పోలేరయ్య మామ మెత్తగానే మొదలుపెట్టాడు.

“అమ్మాయ్, ఇది ఎంత కాలం? తప్పొప్పుకో. అమ్మోరికి టెంకాయ కొట్టు. మూడుతూర్లు తీసేస్తా. ఇంటికి పో.”

“ఏం తప్పు ఒప్పుకోవాల మామా?”

“ఆ పొద్దు చెప్పిందే. మంచుబండోడితో తిరిగినావని.”

“అది మల్లి తప్పు గదా. సీరియల్లో.”

“పేరు నీది గదా.”

మా అత్త, గణేష్ వాళ్ళమ్మ, నా చెయ్యి పట్టుకుంది. పదిహేను రోజుల తర్వాత ఆ ఇంటి చెయ్యి నన్ను తాకింది. “ఒప్పేసుకో మే. అందరికీ తెలుసు ఉత్తదని. నోటి మాటే గదా, ఎవురికి నష్టం?”

ఒప్పుకుందామనిపించింది. నిజంగా అనిపించింది. రేపు పొద్దున ఆటోలో నా చోటు, కుళాయి దగ్గర నా బిందె, రోజా నవ్వు, అన్నీ ఒక టెంకాయ దూరంలో ఉన్నాయి. గణేష్ వైపు చూశాను. వాడు ఇసక వైపు చూస్తున్నాడు. ఆ తల పైకి లేచి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

“బెన్హర్‌కి నష్టం. నాకూ నష్టం. చెయ్యని పని చేసినానని అమ్మోరి ముందర చెప్తే, అప్పుడు అది నిజంగా తప్పు” అన్నాను.

“అయితే నీ ఇష్టం. దురాయి దురాయే. అమ్మోరి ముందర అన్న మాట” అన్నాడు మామ.

అప్పుడు నాకు మండింది. ఆయన చేతిలోంచి వేపమండ లాక్కున్నాను.

“అమ్మోరి ముందర నేనూ ఒక మాట అన్నా గదా ఆ పొద్దు? ఒకతూరి అన్నా. నీ లెక్కలో అది కోపం. ఇదిగో రెండోది. నన్ను ఎలేసిన పాలెం పడవ నీళ్ళ మీదికి పోతే, తిరిగి గట్టుకు రాకూడదు! ఇదిగో మూడోది—”

“వద్దు మే!” అని గణేష్ అరిచాడు. అప్పటికే అనేశాను.

 పిల్లలను తల్లులు దగ్గరికి లాక్కున్నారు. మండ ఆయన ముందు పడేసి ఇంటికి వచ్చాను. ఎంత హాయిగా ఉందో!

సెప్టెంబర్ 6, శనివారం

ఒక్క పడవ కదల్లేదు.

సెప్టెంబర్ 8, సోమవారం

ఇంకా కదల్లేదు. సముద్రం అద్దంలా ఉంది, పడవలన్నీ ఇసకలో వరసగా. మగవాళ్ళు వలలు బాగుచేస్తున్నామని కూర్చుంటున్నారు. వాళ్ళకి కూడా వల పని!

నేను వాకిట్లోకి వస్తే వీధి ఖాళీ అవుతోంది. ముందు నన్ను చూడనట్టు నటించేవాళ్ళు, ఇప్పుడు చూసి తప్పుకుంటున్నారు. సీరియల్లో జుట్టు విరబోసుకున్న ఆడదాన్ని చూస్తారే, అలా. హాయిగా ఉంది.

రోజా ఇంట్లో పిల్లలకు ఒట్టి చారు అన్నమని వాసనను బట్టి తెలుస్తోంది. నాకేం? హాయిగానే ఉంది.

సెప్టెంబర్ 10, బుధవారం

గణేష్ వచ్చాడు. గడపలో నిలబడి, “అన్నం ఉందా?” అన్నాడు. గుడి దగ్గర అరిచిన అరుపు కాక, ఇన్నాళ్ళకు వాడు నాతో అన్న మొదటి మాట అది.

పెట్టాను. తిన్నాడు. వాడి గడ్డం మాసిపోయి ఉంది. నేను తిట్టాలనుకున్న తిట్లన్నీ వరసగా గుర్తున్నాయి, ఒక్కటీ రాలేదు.

“ముందే రావాల్సింది” అన్నాడు చెయ్యి కడుక్కుంటూ. “భయపడినా. మా నాయన ఉండుంటే ఏం చేసేవాడా అనుకుంటా కూర్చున్నా. ఆయనా భయపడేవాడేలే.”

“ఇప్పుడెందుకు వచ్చినావు?”

“రేపు వేటకు పోతుండా. ఒక్కడినే. చిన్న పడవలో.”

 “పోకూడదు” అన్నాను.

“నువ్వు కోపంతో అన్నావు. ఆయన డైరెక్టరు అనమంటే అన్నాడు. నీ కోపం మాటే పని చెయ్యకపోతే, ఆ షూటింగు మాట ఏం పని చేస్తది? నేను తిరిగొస్తే ఇద్దరివీ ఉత్త మాటలే.”

“రాకపోతే?”

“రాకపోతే నీదే గెలుపు.” నవ్వాడు. అంత చెత్త నవ్వు నేనెప్పుడూ చూడలేదు.

“వెనక్కి తీసుకుంటా. ఇప్పుడే పోయి మూడుతూర్లు తీసుకుంటా” అన్నాను.

“తీసుకుంటే ముందు తప్పొప్పుకోమంటారు. మళ్ళీ మొదటికే. వద్దు మే. నీకు భయమెందుకు? అదంతా నటన అని నువ్వే గదా చెప్తావు?”

 పోలేరయ్య మామ మాట నమ్మను. నా మాట నమ్ముతున్నాను. ఇదేం పిచ్చి?

సెప్టెంబర్ 11, గురువారం

వెళ్ళాడు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

నిన్న తెల్లవారకముందే పడవ నీళ్ళలోకి తోశాడు. ఎవరూ సాయం పట్టలేదు, నేనే పట్టాను. మోటారు చప్పుడు వినపడకుండా పోయేదాకా నిలబడ్డాను. తర్వాత అక్కడే కూర్చున్నాను.

మధ్యాహ్నానికి రావాలి. రాలేదు. గాలి దక్షిణానికి తిరిగింది. పాలెం వాళ్ళు ఒక్కరొక్కరే వచ్చి దూరంగా నిలబడ్డారు. నాకు వాళ్ళ మొహాలు చూడబుద్ధి కాలేదు. కొందరి మొహంలో ‘రాకపోతేనే మేలు’ అని ఉంటే? ఉంటుంది. వాడు రాకపోతే నా మాట నిలుస్తుంది, వస్తే నా మాట పోతుంది. పోనీ. నా మాట, నా పరువు, నా చోటు, అన్నీ సముద్రంలో కలిసిపోనీ, వాడు రానీ. ఇది మూడుసార్లు కాదు, ముప్ఫై సార్లు అనుకున్నాను. లెక్క ఎవరికి కావాలి?

ఎండలో కళ్ళు బైర్లు కమ్మాయి. పక్కన ఎవరో కూర్చున్నారు. చెంబు నా చేతిలో పెట్టారు. చూస్తే మహాలక్ష్మి అత్త, పోలేరయ్య మామ భార్య.

“తాగు” అంది.

“అత్తా, దురాయి...”

“తాగు మే ముందు. మా ఆయనకి నేను చెప్పుకుంటా. పడవ కోసం చూసే ఆడదానికి నీళ్ళు ఇయ్యకూడదని ఏ అమ్మోరూ చెప్పదు.”

తాగాను. ఆమె అలాగే కూర్చుంది. కాసేపటికి రోజా వచ్చి ఇటుపక్క కూర్చుంది. నా కొంగు సర్దింది. తర్వాత ఆటోలో బజారుకు వెళ్ళే ఆడవాళ్ళు.  అందరం నీళ్ళ వైపే చూశాం.

పొద్దు వాలుతుండగా రోజాయే ముందు చూసింది. “అదుగో” అని నా భుజం గిచ్చింది. గిచ్చిన చోట ఇంకా నల్లగా ఉంది.

పడవ బరువుతో నీళ్ళకు ఆనుకుని నెమ్మదిగా వస్తోంది. ఇన్ని రోజులు ఎవరూ వేటకు పోలేదేమో, కానాగంత చేపలు గుంపులుగా పడ్డాయట. వల ఒక్కడే లాగలేక అంత ఆలస్యం. నేను నీళ్ళలోకి పరిగెత్తి వాడిని కొట్టాను. వాడు తల వంచుకుని కొట్టించుకున్నాడు.

పోలేరయ్య మామ వేపమండతో వచ్చాడు. చేపల వైపు చూశాడు, గణేష్ వైపు చూశాడు, చివరికి సూటిగా నా వైపు చూశాడు. ‘తప్పయింది’ అనలేదు. “సుభాషిణి మీద దురాయి తీసేస్తుండా” అని మూడుసార్లు అన్నాడు. ఒప్పుకోలేదు, తీసేశాడు, అంతే. పోనీలే, ఆయనా ఇంటికి వెళ్ళి నిద్రపోవాలి కదా. నేను కూడా నా మాట మూడుసార్లు వెనక్కి తీసుకున్నాను.

ఈ గొడవలో ఎవరికీ గుర్తులేదు, మంచు లేదు. అంత చేప ఇసక మీద. “ఆ పిలగోణ్ణి పిలవండి” అంది మహాలక్ష్మి అత్త. మామ పక్కకు జరిగాడు. గణేష్ తన ఫోను తీశాడు. “బెన్హరూ, మంచు తేవయ్యా. మలుపు కాడ నేను నిలబడి ఉంటా.”

వాడు ఆ మలుపు దగ్గరే నిలబడ్డాడు. బెన్హర్ ఇంకెవరి బండో అడిగి తెచ్చుకుని వచ్చాడు. మంచు సగం కరిగింది. ఎవరూ ఒక్క మాట అనలేదు, అందుకని నేను గట్టిగా తిట్టాను.

సెప్టెంబర్ 14, ఆదివారం

మా ఎపిసోడ్ వచ్చింది. పోలేరయ్య మామ ఇంట్లో పెద్ద టీవీ. పాలెమంతా అక్కడే. బెన్హర్‌ని, రెబెక్కమ్మగారిని నేనే రమ్మన్నాను. ఆమె రాలేదు. అతను వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

మొదట్లో చిన్న అక్షరాలు వచ్చాయి, పాత్రలన్నీ కల్పితమని. చదివేలోపే పోయాయి.

పోలేరయ్య మామ కళ్ళకి ఎర్ర లైటు కొట్టారు. ఆయన గొంతు తీసేసి ఇంకెవరిదో బొంగురు గొంతు పెట్టారు. ‘రక్తం తాగే ముఠా నాయకుడు’ అంది వెనక నుంచి ఒక గొంతు. ఏ మూడు టేకుల కోసం నా బతుకు తలకిందులైందో, అది మూడు క్షణాలు కూడా లేదు. నా శాపం అసలు లేనే లేదు, కోసేశారు! మల్లి శవం ఒడ్డున పడి ఉంది. అది నేను కాదు, నా చీర కట్టిన ఎవరో. డేవిడ్ కత్తి తుడుచుకుంటున్నాడు. సిలువ ఊగుతోంది. దాన్ని దగ్గరగా చూపించారు, మళ్ళీ చూపించారు.

రోజా తన చంటివాడిని గుమ్మం వైపు నుంచి ఇటు ఒళ్ళోకి మార్చుకుంది. తనకు తెలియకుండానే మార్చుకుంది. బెన్హర్ చూశాడు.

 అయిపోయాక మామ డైరెక్టరుకు ఫోను చేయించాడు. మోగింది, తియ్యలేదు. మళ్ళీ చేయించాడు.

“నేనెవురి రక్తం తాగినా?” అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. “తప్పు చేసినానంటే పిలవాల. ఎదురుగా నిలబెట్టాల. నా మాట అడగాల. ఇదేం పద్ధతి?”

నాకు నవ్వు రావాల్సింది. రాలేదు. ఆ ముసలాయన మీద జాలి వేసింది.

గుమ్మంలోంచి బెన్హర్ అడిగాడు. “మామా, సుభాషిణక్కకి ఏసింది నువ్వు తీసినావు. నాకు ఈ టీవీవోళ్ళు ఏసింది ఎవురు తీస్తారు?”

 గణేష్ లేచి వెళ్ళి బెన్హర్ పక్కన నిలబడ్డాడు. నేనూ లేచాను. టీవీ ఇంకా నడుస్తూనే ఉంది. కింద అక్షరాలు వెళుతున్నాయి: ఇదే ఎపిసోడ్ గురువారం మధ్యాహ్నం, మళ్ళీ వచ్చే ఆదివారం, ఫోనులో ఎప్పుడు కావాలంటే అప్పుడు.

పోలేరయ్య మామ మూడుసార్లతో ఆపాడు. వీళ్ళు ఎన్నిసార్లు వేస్తారో తెలియదు.